పెళ్ళిగుర్రం మీద కౌబాయ్‌లు

అశోక్‌నగర్‌లో మూడంతస్తుల ఇంట్లో నడిచే ఒక చిన్న ప్రైవేటు బడిలో నేను యూకేజీ టీచర్ని. ఆ ఏడాది క్లాసు పార్టీకి ప్రిన్సిపాల్ మేడం 'కౌబాయ్' అని తేల్చేశారు. వెనక వీధి బడివాళ్ళు పిల్లలకు పులి మొహాలు వేసి అడవి పార్టీ చేశారట, మనం వాళ్ళకంటే ఒక మెట్టు పైనుండాలట. సరేనన్నాను. అట్టలు కత్తిరించి టోపీలు చేశాను. నారాయణగూడ మార్కెట్లో తిరిగి తిరిగి మెడకు కట్టే గళ్ళ రుమాళ్ళు తెచ్చాను. అంతవరకు హాయిగానే ఉంది.

అప్పుడొక మహానుభావుడు, మా క్లాసు పిల్లవాడి తండ్రి, వాట్సాప్ గ్రూపులో పెట్టాడు: "గుర్రం లేని కౌబాయ్ ఏంది మేడం?"

ఆయన నోట్లో మన్నుపడ! అందరూ దానికింద బొటనవేలి బొమ్మలు పెట్టి సై అన్నారు. ప్రిన్సిపాల్ నన్ను పిలిచి, "పెండ్లి బారాత్ గుర్రాలోళ్లు ఉన్నరు గదా, ఒక గంట తెప్పిద్దాం. పిల్లలు ఎక్కి ఫొటోలు దిగుతరు. జిమ్మెదారి మొత్తం నీది, సరేనా?" అన్నారు. సరే కాదు. నాకు గుర్రమంటే చచ్చేంత భయం. అయినా తలూపి వచ్చేశాను.

ఆ రోజునుంచి నాకు అన్నం సయించలేదు. బోర్డు మీద అక్షరాలు రాస్తుంటే ఒక పిల్ల గుర్రం మీదనుంచి జారి పడుతున్నట్టు కళ్ళముందు కనబడేది. ఒకసారి తల కిందికి, ఒకసారి చెయ్యి కిందికి. ఇంట్లో మావారికి చెబితే, "పెండ్లికొడుకులే పడరు, పిల్లలేం పడతరు?" అని నవ్వారు. పెళ్ళికొడుకుకు కాళ్ళు రికాబులకు అందుతాయి. మా పిల్లల కాళ్ళు జీను సగానికి కూడా రావు. ఆ మాత్రం తెలియదా ఈ మనిషికి అని ఒళ్ళుమండింది.

గుర్రంవాళ్ళను వెతుక్కుంటూ ముషీరాబాద్ నేనే వెళ్ళాను. తెల్లగడ్డం పెద్దాయన. గుర్రం నావైపు తల తిప్పగానే రెండడుగులు వెనక్కి వేశాను. అక్కడినుంచే అడిగాను: కుక్క మొరిగితే? టపాసు పేలితే? పిల్లలు కేకలు వేస్తే?

"ఫికర్ చేయకు బిడ్డ. దేనికీ బెదరది," అన్నాడాయన.

అది దేనికి బెదురుతుందనే అడిగాను. దేనికి ఆడుతుందని అడగాలని నాకు తట్టలేదు. బారాత్ చూడకుండా పెరిగానా నేను? చిన్నప్పటినుంచి చూస్తూనే ఉన్నాను. అయినా తట్టలేదు.

ఇక తల్లిదండ్రుల అనుమతి చీటీలు. అన్నీ వచ్చాయి, ఒక్క పాపది తప్ప. ఆ పాప తల్లి మహబూబ్‌నగర్ వైపునుంచి వచ్చి కట్టడాల దగ్గర ఇటుకలు మోస్తుంది. గేటు దగ్గర ఆపి అడిగితే సిగ్గుపడింది. "నాకు సంతకం రాదు మేడం. ఆడ నువ్వుంటవ్ గద? నువ్వుంటె సాలు." నవ్వి వెళ్ళిపోయింది. నాకు మాత్రం, పడితే ఈ పాపే పడుతుందేమోనని అప్పటినుంచి కొత్త భయం పట్టుకుంది.

పార్టీ రోజు పదకొండింటికి గుర్రాన్ని గేటు ముందు గల్లీలో నిలబెట్టారు. పెద్దాయన కళ్ళెం పట్టుకున్నాడు. నేను పక్కన నిలబడి ఒక్కో పిల్ల నడుం పట్టుకున్నాను. ఎక్కడం, ఫొటో, దిగడం. గుర్రం రాయిలా నిలబడింది. నాకు కాస్త ఊపిరాడింది. ఆ పాప వంతు వచ్చింది. ఎక్కించాను.

గల్లీ మలుపులో డప్పులు మోగాయి. తీన్మార్.

పెళ్ళి కాదు, ఎవరిదో శవయాత్ర. డప్పుకు ఆడడమే నేర్చిన గుర్రానికి ఆ తేడా ఏం తెలుసు? చెవులు రిక్కించింది. ముందుకాళ్ళు రెండూ లేపి ఆట మొదలుపెట్టింది. పాప నడుం నా చేతుల్లోంచి జారిపోయింది. "దగ్గరికి రాకు! తంతది! డప్పు ఆగితెనే ఆగుతది!" పెద్దాయన రెండు చేతులా కళ్ళెం పట్టి వేలాడుతున్నాడు. పాప జీను పట్టుకుని పైకీ కిందికీ ఎగిరిపడుతోంది. టోపీ ఎగిరిపోయింది. డప్పులు మావైపే వస్తున్నాయి.

నేను పరుగెత్తాను. చెప్పులెక్కడ పోయాయో తెలియదు. నా మెడలో కౌబాయ్ రుమాలు, నెత్తిన అట్ట టోపీ. ఆ వేషంతో వెళ్ళి పాడె ముందు నిప్పుకుండ పట్టుకుని నడుస్తున్న మనిషికి అడ్డంగా నిలబడ్డాను. "అన్నా, డప్పు ఆపమను. పిల్ల పడిపోతది. నీ కాళ్ళు మొక్కుతా," అన్నాను. తన్నినా పడేదాన్నే.

ఆయన నా భుజం మీదుగా గుర్రాన్ని చూశాడు. వెనక్కి తిరిగి, "ఆపుండ్రిరా," అన్నాడు. ఒక డప్పాయన, "గట్లెట్ల అన్న, అమ్మను ఉత్తగ తీస్కపోతమా?" అన్నాడు. "ఆపుమన్న గద," అన్నాడాయన.

డప్పులు ఆగాయి. గుర్రం ఇంకో రెండు అడుగులు వేసి నిలబడింది. పెద్దాయన పాపను దించి నా చేతుల్లో పెట్టాడు. ఒంటిమీద గీత కూడా పడలేదు. శవయాత్ర మా గేటు ముందునుంచి చప్పుడు లేకుండా వెళ్ళింది.

ప్రిన్సిపాల్ మాత్రం నన్ను లోపలికి లాగి, "ఏం కాలె గదా? పేరెంట్స్‌కు చెప్పకు," అన్నారు.

మూడింటికి తల్లి వచ్చింది. చెబితే ఉద్యోగం పోతుందేమో, చెప్పకపోతే పాపే చెబుతుంది. "అమ్మా, ఇవాళ పొద్దున..." అన్నాను.

"ఎరికె మేడం. సూసిన."

ఎదురుగా కడుతున్న అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు చూపించింది. అక్కడ ఇంకా గోడల్లేవు. "దిగుదామంటె కాళ్లు కదల్లె. ఒర్రుదామనుకున్న. ఒర్రితె గుర్రం ఇంకింత ఎగురుతదని కొంగు నోట్లె కుక్కుకున్న."

పాపను చంకనెత్తుకుని, బ్యాగు ఇమ్మని చెయ్యి చాపింది. కొంగు మీద పంటిగాట్లు ఇంకా అలాగే ఉన్నాయి.