మేడం కొంగు, వెలగని బల్బు

కరెంటు ఎవరి మొహమూ చూడదు. ఈ చిన్న సత్యం మరిచిపోయి, సిద్దిపేటలో చేతికందబోయిన ఉద్యోగాన్ని ఒక్క పీరియడ్‌లో పోగొట్టుకున్నాను. తప్పు మాత్రం నాది కాదు. ఇప్పటికీ అదే మాట అంటాను, చివరిదాకా విని మీరే చెప్పండి.

బీఈడీ అయ్యాక రెండేళ్లు ఇంట్లో కూర్చున్నవాడిని. ఒక ప్రైవేటు బడిలో ఫిజిక్స్ సార్ పోస్టుకి డెమో క్లాసు చెప్పమన్నారు. వెనక బెంచీలో హెడ్మాస్టరు, కరస్పాండెంటు, పక్కన పట్టుచీరలో ఆయన భార్య, అందరికీ మేడం. రెండు సెల్లు, రెండు తీగలు, చిన్న ఎల్ఈడీ బల్బు పట్టుకుని రెచ్చిపోయాను. ఇనుప మేకుకి తీగలు తాకిస్తే బల్బు వెలిగింది. పిల్లల చేత 'వాహకం' అనిపించాను. రబ్బరుకి వెలగలేదు, 'బంధకం' అనిపించాను. రెంటికీ నడుమ సిలికాన్ లాంటి అర్ధవాహకాలుంటాయనీ, లోహం వేడెక్కితే మొండికేస్తుంది గానీ ఇవి వేడెక్కేకొద్దీ దారికొస్తాయనీ, ఎల్ఈడీ లోపల వెలిగేది కూడా ఒక అర్ధవాహకమేననీ చెప్పాను. కరస్పాండెంటు తల ఊపాడు. అక్కడితో ఆపితే నేను నేనెందుకవుతాను?

మా బాపు మగ్గం నేసినవాడు. అసలు జరీ అంటే పట్టుదారానికి చుట్టిన సన్నటి వెండితీగ అని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. బట్ట బంధకం, జరీ వాహకం, రెండూ ఒకే చీరలో చూపిస్తే పోస్టు నాదే అనుకున్నాను. అడగ్గానే మేడం మురిసిపోతూ వచ్చి కొంగు బల్ల మీద పరిచింది.

"మంచిగ చూపియ్యుర్రి సార్, అసలు జరి. మొన్న పెండ్లిరోజుకు మా సారే తెచ్చిన్రు."

జరీకి తీగలు పెట్టాను. వెలగలేదు. సెల్లు తీసి తుడిచాను, తీగల కొసలు గీకాను. మేకుకి భేషుగ్గా వెలుగుతోంది, జరీకి మాత్రం చలనం లేదు. నేను నేర్పిన చదువే కదా, క్లాసంతా ఒక్క గొంతుతో 'బంధకం' అంది. నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. ఇక్కడ రెండు సెల్లతో తెలిసిపోయింది.

మేడం మొగుడి వైపు తిరిగింది. "అసలుదంటిరి గద?"

ఆయన హెడ్మాస్టరు వైపు తిరిగి అన్నాడు: "ఈయినకు సబ్జెక్టు రాదు. పంపియ్యుర్రి."

నాకు సబ్జెక్టు రాదట! రాకపోయి ఉంటే ఆయన కాపురం చల్లగా ఉండేది, నాకు ఉద్యోగమూ ఉండేది. ఒళ్లు మండిపోయింది. ప్లాస్టిక్కు జరీ కొన్నది ఆయన, ఇంటిదారి పట్టింది నేను!

మర్నాడు పొద్దున్నే మేడం ఫోన్ చేసింది. తప్పు తెలుసుకుని పిలుస్తున్నారనుకుని లేచి నిలబడ్డాను.

"సార్, గా బల్బు పట్టుకొని జర ఇంటికి రాండ్రి. బీరువల ఇంక పదకొండు చీరలున్నయి."

ఆ క్షణమే సెల్లు అరచేతిలో పెట్టుకుని ప్రమాణం చేశాను: ఇకమీదట మేకులకూ గరిటెలకూ తప్ప, మొగుడు పెళ్ళానికి కొనిచ్చిన ఏ వస్తువుకీ, ఈ జన్మలో, నా తీగలు తాకించను.