ఓనర్ అంకుల్ కారు సెల్ఫ్

"సార్, జర ఒక చెయ్యెయ్యుండ్రి."

చైతన్యపురిలో మేం అద్దెకున్న ఇంటి ఓనర్ అంకుల్ రోజూ పొద్దున్నే కారు కిటికీలోంచి తల బయటపెట్టి మా నాన్నను ఇలాగే పిలిచేవారు. ఆయనది నల్లగొండ వైపు, మాది గుంటూరు. డిక్కీ ఉన్న ఆ పాత కారుకు ఒకసారి రేడియేటర్ కారేది, ఇంకోసారి క్లచ్ జారేది. సెల్ఫ్ మాత్రం ఎప్పుడూ పనిచేసేది కాదు. "అమ్మెయ్యండి సార్, మెకానిక్‌ని మీరే పోషిస్తున్నారు" అంటూనే నాన్న లుంగీ ఎగ్గట్టి తోసేవారు.

ఉద్యమం ముదిరిన రోజుల్లో ఒక సాయంత్రం ఇద్దరికీ మాటా మాటా పెరిగింది.

"మా రాష్ట్రం మేం నడుపుకుంటం. మీకేంది బాధ?" అన్నారు అంకుల్.

"అయితే మీ కారు కూడా మీరే నడుపుకోండి. నేను తొయ్యను" అన్నారు నాన్న.

మర్నాడు పిలుపు రాలేదు. అయినా నాన్న పేపరు పట్టుకుని గేటు దగ్గరే తచ్చాడారు. అంకుల్ తాళం తిప్పగానే కారు స్టార్టయి వెళ్లిపోయింది. సెల్ఫ్ ఎప్పుడు బాగుచేయించారో! ఆ రోజు నాన్నకు అన్నం సయించలేదు.

వారం తర్వాత కిటికీలోంచి మళ్లీ తల బయటికొచ్చింది. "సార్, మళ్ల గదే పరేషాన్. జర ఒక చెయ్యెయ్యుండ్రి." నాన్న పేపరు నా చేతిలో పడేసి పరుగెత్తారు.

ఆ సాయంత్రమే దిల్‌సుఖ్‌నగర్‌లో అంకుల్ ఒక్కరే కారెక్కి తాళం తిప్పడం చూశాను. వెంటనే స్టార్టయింది. ఇంటికొచ్చి నాన్నకు చెప్పాను.

"పాత బండి కదరా, పొద్దున పూట మొరాయిస్తుంది" అన్నారు, పేపర్లోంచి తలెత్తకుండా.