లోపలి నుంచి తెరిచే ఉంది

మరమగ్గాల పనికి వలసొచ్చినవాళ్లుండే లింబాయత్‌లో మా గల్లీలో ఎవరూ తలుపు తట్టేవారు కాదు. ఆ సాంచాల మోతలో తట్టినా ఎవరికి వినబడుతుంది? నెట్టుకుని లోపలికి రావడమే. అన్నం తింటున్నా వచ్చి పక్కన కూర్చునేవారు.

ఆ అలవాటుతోనే, డిండోలిలో ఫ్లాట్ తీసుకుని ఒంటరిగా ఉంటున్నా, ఇంట్లో ఉన్నంతసేపూ గడియ పెట్టేవాణ్ణి కాదు. ఎవరో ఒకరు వస్తారని చూశాను. ఎదురు ఫ్లాట్‌లో తెలుగువాళ్లే, రైల్వే ఉద్యోగి కుటుంబం. వాళ్ల పోపు వాసన రోజూ వచ్చేది, వాళ్లు మాత్రం రాలేదు. మనుషులంటే ఇంత గిట్టదా అని ఒళ్లు మండేది. పంతానికి నేనూ వెళ్లలేదు.

ఆదివారాలు గడవక ఆన్‌లైన్లో కంప్యూటర్ నెట్‌వర్కింగ్ కోర్సులో చేరాను. పోర్ట్ స్కానింగ్ పాఠం వచ్చింది. కంప్యూటర్‌కి నంబర్లు వేసిన తలుపులు వేలల్లో ఉంటాయి, అవే పోర్టులు. స్కాన్ అంటే ఒక్కో తలుపు దగ్గరా పిలిచి చూడటం. తెరిచి ఉంటే పలుకుతుంది. మూసి ఉంటే లేదు పొమ్మంటుంది, అదీ ఒక జవాబే. మధ్యలో కాపలా గోడలాంటి ఫైర్‌వాల్ అడ్డుపడితే అసలు ఉలుకూ పలుకూ ఉండదు. మనది కాని యంత్రం జోలికి అడక్కుండా పోకూడదు కనుక నా లాప్‌టాప్‌ని అందులోంచే స్కాన్ చేశాను. ఒక పోర్ట్ తెరిచే ఉందని వచ్చింది. ఇంట్లోనే ఉన్న నా పాత కంప్యూటర్ నుంచి అదే పోర్టుని పిలిస్తే మాత్రం జవాబు లేదు.

కోర్సు చెప్పే సార్‌కి ఫోన్ చేస్తే నవ్వారు. "ఇంట్లో కూర్చుని తలుపు తెరిచే ఉందంటే ఎలా? వచ్చేవాడికి ఎలా ఉందో బయటి నుంచే తెలుస్తుంది" అన్నారు హిందీలో. ఫైర్‌వాల్ సరిచేశాక పాత కంప్యూటర్‌కీ పలికింది. సంబరపడ్డాను, చెప్పుకోవడానికి ఎవరూ లేరు.

ఆ వారమే ఎదురింటివాళ్ల సామాను కిందికి దిగుతూ కనిపించింది. మెట్ల మీద ఆ ఇంటావిడ నన్ను చూసి ఆగింది.

"బదిలీ అయింది తమ్ముడూ, పోతున్నం. బతుకమ్మకు పిలుద్దామని వచ్చిన. నీకు జరమొచ్చిందని తెలిసి చారు తెచ్చిన. ఎన్నిసార్లు బెల్లు కొట్టినా పలకవైతివి. మనుషులంటే గిట్టదేమో అనుకున్నం."

"తలుపు తెరిచే ఉండె అక్కా. నూకి రావాల్సింది."

"ఒంటరి పిల్లగాని ఇంట్లకు గట్లెట్లొస్తం?"

టెంపో వెళ్లిపోయింది. నేను పైకొచ్చి, ఆ ఇంటికి వచ్చాక మొదటిసారి, నా గుమ్మం బయట నిలబడి బెల్ నొక్కాను. మోగలేదు. మళ్లీ నొక్కాను. ఏడుపొచ్చింది. వెనక ఎదురు తలుపుకి తాళం వేసి ఉంది.