మా ఇంట్లో రెండు మాటలు

పటేల్‌గూడలో మేముండే అపార్ట్‌మెంటులో బతుకమ్మ రోజులు వచ్చాయంటే ఎవరో ఒకరింట్లో నువ్వులు వేగుతాయి. ఆ కమ్మటి వాసన మెట్లమీదుగా మూడో అంతస్తుకు ఎక్కి వస్తే, దిద్దుతున్న పరీక్ష పేపర్లు పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చుంటాను. మా నాయనమ్మ లచ్చవ్వ నువ్వులు వేయించేటప్పుడు పొయ్యి దగ్గరికి ఎవరినీ రానిచ్చేది కాదు. చిటపటలు తగ్గి గింజ రంగు తిరిగేదాకా కళ్లార్పకుండా చూసి, దించి, ఆరబెట్టి, రోట్లో బెల్లం వేసి దంచి, నూనె ఓడే ముద్దలు కట్టేది. సగం పిల్లలకని ఉట్టిమీద పెట్టి, మిగతా సగం కొంగున మూటగట్టుకుని చావడికి నడిచేది. పదిమంది కూర్చునే చోటికి ఒట్టి చేతులతో పోకూడదని ఆమె పట్టుదల. పోయినసారి తన మాటను కాదన్నవాళ్లెవరో గుర్తు పెట్టుకుని, ముందు వాళ్లకే ఒక్కో ముద్ద ఇచ్చేది.

మాది గుమ్మడిదల దగ్గర చిన్న ఊరు. చావడి అంటే బడి పక్కన నాలుగు రాతి స్తంభాలు, పైన పగిలిన పెంకులు, బీడీ పొగకు నల్లబడ్డ దూలాలు. మిరుగు కార్తెలో తొలి వాన పడి దుక్కుల వాసన ఊరంతా కమ్ముకున్నప్పుడు, కుంట నిండి తూము ఎత్తాల్సి వచ్చినప్పుడు, మొక్కజొన్న చేలమీద పందులు పడ్డప్పుడు, బోనాలు ఏ వారం చేయాలో తేలనప్పుడు ఊరు అక్కడ కూడేది. కుంట నీళ్లు పంచే నీరడి సాయిలు గుండ్రంగా కూర్చున్నవాళ్ల మధ్య నడుస్తూ ఒక్కొక్కరి ముందు ఆగి, “మీ ఇంటి మాటేంది?” అని అడిగేవాడు. ఇంటికి ఒక మాట. ఆ మాట ఇంట్లోనే ముందు మాట్లాడుకుని తేవాలి. ఊరంతా చుట్టి వచ్చేదాకా ఏదీ తేలినట్టు కాదు. ఎటూ చెప్పక “నలుగురితో నారాయణ” అని తప్పించుకునే ముసలాయన ఒకడుండేవాడు. సాయిలు ఆయన్ని వదిలేవాడు కాదు. నారాయణ సంగతి తర్వాత, నీ సంగతి చెప్పమని అక్కడే నిలబడేవాడు. గంట పట్టేది, ఒక్కోసారి రెండు రోజులు పట్టేది. చిర్రగోనె ఆడీ ఆడీ అలిసిపోయిన పిల్లలం బడి అరుగుమీద గుండ్రంగా కూర్చుని అదే ఆట ఆడేవాళ్లం. సాయిలు వేషం నాకే కావాలని ఏడ్చిన రోజులున్నాయి.

తాత చనిపోయాక మా ఇంటి మాట నాయనమ్మదైంది. చావడిలో కూర్చునే ఆడమనిషి ఆమె ఒక్కతే. అదంతా బంగారు కాలమని నేను చెప్పను. ఊరి చివరి వాడ వాళ్లు చావడి మెట్లకింద మట్టిలో కూర్చునేవాళ్లు, సాయిలు వాళ్లదాకా వచ్చేసరికి మాట తేలిపోయి ఉండేది. ఒక ఏడు కుంట నీళ్లు తక్కువైన కాలంలో, సాయిలు ఎప్పటిలాగే పెద్ద రైతుల దగ్గర మొదలుపెట్టబోతుంటే నాయనమ్మ చెయ్యెత్తి ఆపింది.

“ఎప్పుడు గీ కొసకెల్లే ఎందుకు సురువు జేస్తవు సాయిలూ? ఆఖర్కి అడిగితే తలకాయ ఊపుడే మిగుల్తది. ఇయ్యాల గా కొసకెల్లి అడుగు.”

కొందరు లేచి పోయారు. సాయిలు కాసేపు తటపటాయించి మెట్లు దిగాడు. ఆ ఏడు చివరి వాడ వాళ్ల కింది మళ్లకు ముందు నీళ్లు పారాయి. పైన మాకున్న రెండెకరాల్లో వరి సగం ఎండింది. మా బాపు మల్లేశం వారంపాటు తల్లితో సరిగా మాట్లాడలేదు. నాయనమ్మ మాత్రం అడిగిన మాటకు కట్టుబడాలంది. ఓట్ల రోజును కూడా ఆమె అట్లాగే చూసేది. తలకు పోసుకుని, పెట్టెలోంచి తీసిన చీర కట్టుకుని, కలరా ఉండల వాసనతో బడికి నడిచేది. ఎవరికేశావని అడిగితే నవ్వేది. ఐదేళ్లకోసారి సర్కారు మన గడప ముందర నిలబడి ‘మీ మాటేంది’ అని అడుగుతుందని, అడిగినప్పుడు ఇంట్లో కూర్చుంటే తప్పని చెప్పేది.

నాకు పదేళ్లప్పుడు మా ఊరి పొలిమేరలో మందుల కంపెనీ వస్తుందన్నారు. అంతకుముందు వరసగా రెండు కార్ల పంట ఎండిపోయింది, వేయించిన బోరులో దుమ్ము తప్ప చుక్క పడలేదు. బాపు రోజూ సైకిల్ మీద ఇస్నాపూర్ దాకా పోయి కూలికి నిలబడి, పని దొరకని రోజు పొద్దెక్కకముందే తిరిగొచ్చి గోడకు ఆనుకుని కూర్చునేవాడు. నాయనమ్మకు వేరే భయం. పటాన్‌చెరు అవతల ఆమె చెల్లెలి ఊళ్లో బావి నీళ్లు చాయ్ రంగు తిరగడం, బర్రె ఆ నీళ్ల తొట్టిలో మూతి పెట్టి వెనక్కి తీసుకోవడం ఆమె కళ్లారా చూసి వచ్చింది. ఇద్దరూ ఒక్క చూరు కిందే ఉన్నారు కానీ ఈ సంగతి మాత్రం మాట్లాడుకోలేదు. కంపెనీ గురించి సర్కారు పెట్టబోయే సభలో బాగా మాట్లాడినవాళ్లకు ముందు నౌకరీ అని ఎవరో కాంట్రాక్టరు బాపుతో అన్నాడని నాకు తర్వాత ఎప్పుడో తెలిసింది.

అభిప్రాయ సేకరణ మా బడి ముందరే పెట్టారు. అంత పెద్ద టెంటు, అన్ని కుర్చీలు మా ఊరు అంతకుముందు చూడలేదు. ఒక పక్క బగారా అన్నం ఉడుకుతోంది. లారీల్లో వచ్చిన కొత్త మొహాలు ముందు వరసల్లో కూర్చున్నాయి. మా వాళ్లంతా వెనక, చాపలమీద. నాయనమ్మ పక్కన నేను. ఆమె కొంగున ఆ రోజు కూడా మూట ఉంది. మైకులో ఒకరి తర్వాత ఒకరు మాట్లాడుతుంటే ఆమె మెడ సాచి చూస్తోంది. సాయిలులాంటి మనిషెవరో లేచి వరసల మధ్య నడుచుకుంటూ తన దాకా వస్తాడని ఆమె ఎదురుచూపు. అప్పుడు మైకులో మా బాపు గొంతు వినిపించింది.

“కంపిని రావాలె సార్. పిల్లలు బతుకుతరు. మా ఇంటి మాట గిదే.”

నాయనమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఇంకో ఇద్దరు మాట్లాడాక పైన కూర్చున్న ఆఫీసరు అందరికీ ధన్యవాదాలు చెప్పి కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. అప్పుడామె లేచి, కుర్చీల మధ్య దారి చేసుకుంటూ ముందుకు పోయింది.

“సారూ, మమ్ముల అడగనే లేదు.”

ఆయన మర్యాదగానే చెప్పాడు. “మైకు ఇక్కడే ఉంది కదమ్మా. వచ్చి మాట్లాడాల్సింది.”

“అడగకుంట ఎట్ల జెప్తం సారూ?”

ఆ ప్రశ్న ఆయనకు అర్థం కాలేదు. ఆయన జవాబు ఈమెకు అర్థం కాలేదు. అన్నం పెట్టే చోట తొక్కిసలాట మొదలైంది, జనం అటు పోయారు. ఆమె ఖాళీ కుర్చీల మధ్య కొంచెంసేపు నిలబడి, నన్ను తీసుకుని ఇంటికి వచ్చింది. బాపు వచ్చాక ఎప్పటిలాగే జొన్నరొట్టె వడ్డించింది. ఆయన తల దించుకుని తిన్నాడు.

ఆ తర్వాతి మిరుగుకు చావడిలో మళ్లీ కూడారు. కుంట పూడిక తీయాలా వద్దా అన్నది మాట. సాయిలు ఆ కొస నుంచి అడుగుతూ అడుగుతూ మా నాయనమ్మ ముందర ఆగాడు. బాపు స్తంభం దగ్గర నిలబడి ఉన్నాడు.

“మా ఇంట్ల రెండు మాటలున్నయి సాయిలూ,” అందామె మెల్లగా. “మమ్ముల దాటి పో.”

సాయిలు కదలలేదు. ఆమె లేచి కొంగు దులుపుకుని మెట్లు దిగింది. ఆ రోజు తర్వాత ఆమె చావడి ఎక్కలేదు. మా ఇంటి తరఫున బాపు పోవచ్చు, అయినా పోలేదు. మా ఇల్లు లెక్కలోంచి పోయింది. అరుగుమీద ఆటలో కూడా పిల్లలు నన్ను దాటిపోవడం నేర్చుకున్నారు.

కంపెనీ వచ్చింది. బాపుకు నౌకరీ వచ్చింది. ఒంటికి ఎంత సబ్బు రుద్దినా పోని ఘాటు వాసనతో ఇంటికి వచ్చేవాడు. ఆ జీతంతోనే నేను సంగారెడ్డిలో చదువుకున్నాను, టీచరునయ్యాను. నేను తిన్న ప్రతి ముద్దా ఆ మైకులో చెప్పిన మాటదే, కాదనలేను. కుంటలో చేపలు ఒక వానాకాలం తెల్లగా తేలాయి. మా పొలంలో నీళ్లు నాయనమ్మ చెల్లెలి ఊరి నీళ్లలాగే రంగు తిరిగాయి. నాయనమ్మ కొడుకును ఒక్క మాట అనలేదు. మంచాన పడ్డాక ఒకరోజు, రెండెకరాల్లో మిగిలిన ఒక్క ఎకరం అమ్మాలనుకుంటూ బాపు ఆమె పక్కన కూర్చుని, “నువ్వేమంటవమ్మా?” అని అడిగాడు. ఆమె చాలాసేపు ఆయన మొహంలోకి చూసి, ఆయన చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. జవాబు చెప్పలేదు. చెప్పలేకపోయిందో, చెప్పాలనుకోలేదో మాకు తెలియలేదు. నాలుగు రోజులకు పోయింది.

ఇప్పుడు మా ఊరు మున్సిపాలిటీలో కలిసింది. గ్రామసభ లేదు. చావడి పడగొట్టి, కిరాయికిచ్చే షట్టర్లు కట్టారు. బీహారు, ఒడిశాల నుంచి కంపెనీలో పనికి వచ్చిన కుర్రాళ్లు అక్కడ ఫోన్లకు రీచార్జి చేయించుకుంటారు, తమకు ఓటు లేని ఆ ఊళ్లోనే ఏళ్లకేళ్లు బతుకుతారు. ఫిర్యాదులు ఫోన్లో పెట్టాలట. సాయిలు ఎప్పుడో పోయాడు. ఆయన కొడుకు కంపెనీ గేటు దగ్గర వాచ్‌మన్.

పోయిన ఏడాది కంపెనీ పెంచుతామని మళ్లీ అభిప్రాయ సేకరణ పెట్టారు. రిటైరయిన బాపు పోతానన్నాడు. నేను సెలవు పెట్టి వెంట వెళ్లాను. మూడు గంటలు వరసలో నిలబడ్డాడు, దగ్గుతూ. తన వంతు వచ్చాక మైకును రెండు చేతులతో పట్టుకున్నాడు.

“నా పేరు మల్లేశం. గీ కంపిన్లనే పని జేసిన, బిడ్డను సదివిచ్చిన. అప్పట్ల మా ఇంటి మాట గిదే అని జెప్పిన. అది నా ఒక్కని మాట. మా అమ్మ వద్దనుకున్నది. ఆమెను నేను అడగలే. గా మాట ఇయ్యాల రాసుకోండ్రి.”

కింద కూర్చున్న గుమాస్తా ఏదో రాసుకున్నాడు. తర్వాతి పేరు పిలిచారు.

సభలో ఎవరేమన్నారో తర్వాత సర్కారు వెబ్‌సైట్లో పెట్టారు. ఒక సాయంత్రం బడి నుంచి వచ్చి, పేజీ తర్వాత పేజీ దాటుకుంటూ బాపు పేరు వెతికాను. పేరు దొరికింది. ఎదురుగా ఒకటే వాక్యం ఉంది: ‘తన తల్లిని గుర్తు చేసుకున్నారు.’

బాపు ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతాడు, మన మాట రాసుకున్నరా బిడ్డా అని. ఇంకా రాలేదు బాపూ, చూస్తున్న అంటాను.