టీచరమ్మను మధ్యలో ఆపడం

కరోనాకు బడులు మూసిన ఏడాది మా మనుమరాలు ఒకటో తరగతి మా వసారాలోనే చదివింది. దుమ్ముగూడెం దాటి అడవి వైపు ఉన్న మా వాడలో అప్పటికి టీవీ మాకొక్కరికే ఉండేది. రోజూ పాఠం వేళకు చుట్టుపక్కల పిల్లలు పలకలు పట్టుకొని వచ్చి కూర్చునేవారు. టీవీలో టీచరమ్మ కనబడగానే అందరూ లేచి "నమస్తే టీచర్" అనేవారు. వాళ్ల వెనక నేను చింతపండు ముందేసుకొని గింజలు తీస్తూ కూర్చునేదాన్ని. వాళ్లు లేస్తే నేనూ లేచేదాన్ని.

అప్పటికి నాకు యాభై దాటాయి. అక్షరం ముక్క రాదు. చిన్నప్పుడు మేకలు తోలుకొని పోతుంటే బడి కిటికీలోంచి రేడియో పాఠం వినబడేది. మేకల్ని ఆ పక్కనే మేపుతూ ఎక్కాలు, పద్యాలు నోటికి నేర్చుకున్నాను. పన్నెండో ఎక్కం ఇప్పటికీ తడబడకుండా చెబుతాను. కానీ అక్షరం ఎట్లా ఉంటుందో రేడియో చూపించదు కదా. అది చూడకుండానే పెళ్లయింది, పిల్లలు పుట్టారు, వాళ్లు చదువుకున్నారు.

టీవీలో అక్షరం కనబడింది. టీచరమ్మ బోర్డు మీద "క" రాసి దాని మీద వేలు తిప్పేది. నేను చూసి గుర్తుపెట్టుకునేలోపే అది పోయి ఇంకోటి వచ్చేది. పిల్లలకు పలకలున్నాయి. నాకూ ఒకటి కావాలని అడగడానికి సిగ్గేసింది. అందుకని పాఠానికి ముందే గోడ పక్కన మూరెడు నేల పేడతో అలికి, తడి ఆరకముందే చూపుడువేలుతో గీసుకునేదాన్ని. ఎండితే అక్షరాలు సాయంత్రం దాకా ఉండేవి. బిందె ఎత్తుకొని పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి చదువుకునేదాన్ని.

పత్తి తీసే రోజులు వచ్చాయి. కూలికి పిలవడానికి వచ్చిన పక్కింటామె నాకు ఆడబిడ్డ వరుస. గోడ పక్కన చూసి నవ్వింది.

"ఏంది వదినా, గిది ముగ్గా? కోడి గెలికిందా?"

"పాఠం అయినంక వస్త. నువ్వు నడువు."

"సదివి కలెక్టరైతవా ఏంది? జల్దీ రా, పత్తంత నేల రాలుతుంది."

"కలెక్టరైతే ముందు నీ నోటికే తాళమేపిస్త."

ఆమె నవ్వుకుంటూ పోయింది. ఆ పత్తి కాలమంతా చేనుకు ఆలస్యంగానే పోయాను.

గుణింతాల దాకా బాగానే వచ్చింది. ఒత్తులు మొదలయ్యాయో లేదో, బడులు తెరుస్తున్నారని చెప్పారు. పిల్లలు ఎగిరి గంతేశారు. నాకు మాత్రం దిగులు పట్టుకుంది. ఒత్తులు రాకుంటే ఏ పుస్తకమూ చదవలేను. ఇక్కడ ఆగితే ఈ వయసులో మళ్లీ ఎవరు మొదలుపెట్టిస్తారు? టీవీ పాఠాలు ఆగిపోయాయి. మనుమరాలి పుస్తకం నాకు సగం దగ్గరే ఉండిపోయింది.

ఆ పిల్లే బడిలో పంతులమ్మకు నా సంగతి చెప్పేసింది. పంతులమ్మ ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చి, టీవీలో వచ్చిన పాఠాలనే మా ఆయన ఫోన్‌లో పెట్టి ఇచ్చింది.

"ఇది మీరు చెప్పినట్టు వింటదమ్మా. అర్థం కాకుంటే ఇక్కడ వేలు పెట్టి ఆపుండ్రి" అని చూపించి పోయింది.

నేను ఆపలేకపోయాను. టీచరమ్మ నోరు తెరిచి చెబుతుంటే వేలు పెట్టి నొక్కేయడం ఎట్లా? పెద్దవాళ్లు చెబుతున్నప్పుడు అడ్డం రాకూడదని మా నాయన నేర్పిన బుద్ధి. ఆమె ఊపిరి తీసుకునేదాకా చూద్దామనుకునేదాన్ని. ఆలోపు రెండు ఒత్తులు దాటిపోయేవి. మళ్లీ మొదటినుంచీ పెట్టుకునేదాన్ని. వారం రోజులు ఒకటే పాఠం.

మనుమరాలికి విసుగొచ్చింది.

"ఆపవేంది అమ్మమ్మా?"

"చెప్తాంటే ఎట్ల ఆపుత? తప్పు కాదా?"

"గామెకేం తెల్వదే! గామె ఎప్పుడో చెప్పి పోయింది. ఇప్పుడు వాళ్లింట్ల అన్నం తింటుంటది."

నాకు నవ్వొచ్చింది, ధైర్యమూ వచ్చింది. అయినా మొదటిసారి "జర ఆగు తల్లీ, ఏమనుకోకు" అని చెప్పే నొక్కాను. టీచరమ్మ నోరు తెరిచినది తెరిచినట్టే, చెయ్యి గాల్లో పెట్టి, నేను రాసుకునేదాకా నిలబడింది. నా కోసం అట్లా ఎవరూ ఆగగా నేను చూడలేదు. ఆ పూట ఆమెను చాలాసార్లు నిలబెట్టాను.

మిరప కోతలు ముగిసేనాటికి ఒత్తులన్నీ వచ్చాయి. ఒక ఆదివారం దారిన పోతున్న పంతులమ్మను పిలిచి కూర్చోబెట్టి, పుస్తకంలో చివరి పాఠం చదివి వినిపించాను. వాగు దాటే చీమ కథ. రెండు పేజీలు. రెండుచోట్ల తడబడ్డాను. పంతులమ్మ మాట అందివ్వబోయింది.

"మీరు చెప్పకుండ్రి టీచర్, అదే వస్తది" అంది మనుమరాలు.

వచ్చింది. మర్నాడు పంతులమ్మ ఆ పిల్ల చేతికిచ్చి నాకు రెండో తరగతి పుస్తకం పంపింది. అందులో బొమ్మలు తక్కువ, రాత ఎక్కువ.