మీనా సల్మాన్ గోదాములో అలోహా

మొన్న మా అల్లుడు పెద్ద పెద్ద పూలున్న చొక్కా ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు. జేబు మీద ‘అలోహా’ అని ఉంది. అది హవాయి దీవుల్లో పలకరింపు అని వివరించబోతే, కొద్దిగా పరిచయం ఉందని చెప్పి ఊరుకున్నాను.

తొంభైల్లో గల్ఫ్‌లో పనిచేసిన మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, క్యాసెట్టంటే పాటలు కాదు, ఇంటివాళ్ల గొంతు. బహ్రెయిన్‌లో, మీనా సల్మాన్ రేవు దగ్గర నేను స్టోర్‌కీపర్‌గా ఉన్న గోదాములో ఫోర్క్‌లిఫ్టు నడిపే ఫిలిప్పీన్స్ మిత్రుడికి క్యాసెట్లు హవాయి నుంచి వచ్చేవి. భార్య అక్కడ హోటల్లో పక్కలు సర్దే పని చేస్తూ, ఇతన్ని రప్పించుకోవడానికి కాగితాలు పెట్టి, ఈలోగా అలవాటవుతాయని ఆ దీవుల మాటలు రెండేసి మూడేసి పలికి పంపేది. అలోహా అంటే నమస్కారం, మహాలో అంటే కృతజ్ఞతలు. అంతవరకు పొద్దున్నే తన ఇలోకానో భాషలో ‘నయింబగ్ అ బిగట్’ అనే మనిషి, అది మానేసి మా మీద సాధన మొదలుపెట్టాడు. ఆ మాటలు తెలుగులో ఒక అట్టపెట్టె మీద రాసిపెట్టాను. నా బి.ఏ. పనికొచ్చిన సందర్భాల్లో అదొకటి. రెండోది ఇంకా గుర్తు రావడం లేదు.

సామాను ఎత్తే జగిత్యాల కాకా మాత్రం ప్రపంచంలో అందరితోనూ తెలుగే మాట్లాడేవాడు.

“అలోహా తమ్మీ! బువ్వ తిన్నవా?”

“మహాలో కాకా!”

తర్వాత క్యాసెట్లు ఆలస్యమయ్యాయి. కష్టంలో ఉన్నవాణ్ని ఏమైందని అడగకూడదు, పలకరింపు మాత్రం మానకూడదు అని పెరిగినవాళ్లం కదా. గోదామంతా ఇంకాస్త గట్టిగా అలోహా చెప్పింది. పోస్టు వాళ్లను మనసారా తిట్టింది కూడా.

ఒక పొద్దున కాకా ఎప్పటిలా చెయ్యెత్తి పిలిస్తే, అతను బండి ఆపి, మా అందరికీ ఉమ్మడిగా ఉన్న వంకర హిందీలో అన్నాడు.

“ఖలాస్ కాకా. అలోహా ఖలాస్. క్యాసెట్ ఆయా. బీబీ బోలా, మత్ ఆవ్.”

భార్య రావద్దందట. కాగితాలు వెనక్కి తీసుకుందట. కాకా ఎత్తిన చెయ్యి దించి, మొదటిసారి అరబ్బీ మాటతో మొదలుపెట్టాడు. “యల్లా, పా తమ్మీ, చాయ్ తాగుదాం.”

అటుపైన అతన్ని ఏ భాషలో పలకరించాలో మాకు తోచలేదు. తల ఊపి పనిలోకి దిగేవాళ్లం.

ఇప్పుడు మొహాలు చూసుకుంటూ ఫోన్లో మాట్లాడుకుంటున్నారు, మంచిదే. రావద్దన్న మాట కూడా అన్న క్షణంలోనే చేరిపోతుంది. అతని విషయంలో ఆ మాట సముద్రాలు దాటడానికి కొన్ని వారాలు పట్టింది. అది దారిలో ఉన్నన్నాళ్లూ అతను హవాయి వెళ్లబోయే మనిషిగానే మా మధ్య తిరిగాడు. మేం తిట్టుకున్న ఆలస్యం అదే.