ఆడ మనిషి

దయ్యాల కథలు చెప్పేవాళ్లను ఏడిపించడంలో మా హిందూపురంలో నన్ను మించినవాడు ఉండడు. ఇప్పటికీ నమ్మను. నమ్మకుండా ఈ ఒక్క సంగతి ఎలా చెప్పాలో తెలియకే ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను బెంగళూరులో ఉద్యోగం చేసేవాణ్ణి. అక్కడ మాకొక ఆట పిచ్చి పట్టింది. బల్ల చుట్టూ కూర్చుంటాం. ఒకడు కథ నడుపుతాడు, మిగతావాళ్లం ఆ కథలో మనుషులమై మాట్లాడతాం. తాళం ఊడుతుందా, కత్తి తగులుతుందా అన్నది పాచికలు తేలుస్తాయి. అంతే. పెళ్లీడుకొచ్చినోళ్ల బొమ్మలాట అని మా అమ్మ తిట్టేది.

మా కథ నడిపేది చంద్ర. ధర్మవరంలో చీరలు నేసేవాళ్ల అబ్బాయి. నాకు ప్రాణం వాడంటే. వాడు పాలు తాగే వయసులోనే వాళ్లమ్మ జ్వరంతో పోయింది. ఫోటో కూడా లేదు. వాళ్ల నాయన మళ్లీ పెళ్లి చేసుకోలేదు, ఆమె గురించి ఒక్క మాటా చెప్పలేదు. అడిగితే చాలు, లేచిపోయి మగ్గం గుంతలో కూర్చునేవాడు.

"మాయమ్మ ఎట్ల నవ్వేదో కూడా నాకు తెల్దురా" అని చంద్ర ఒకసారి నాతో అన్నాడు. ఏ ఊరికి పోయినా, ఏ ముసలామె కనబడినా అదే వెతుక్కునేవాడు, వాళ్లమ్మను చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని.

ఒక ఆదివారం ఆ ఆట ఆడేవాళ్లందరం కలిసి పెనుకొండలో ఒక కల్యాణ మండపం బాడుగకు తీసుకుని సమ్మేళనం పెట్టుకున్నాం. ఒక బల్ల దగ్గర ఇంగ్లీషు, ఇంకో బల్ల దగ్గర కన్నడం, మా బల్ల దగ్గర తెలుగు. తెనాలి నుంచి వచ్చిన సుధ అనే అమ్మాయి ఆరోజే కొత్తగా మాతో కూర్చుంది. చంద్ర పెనుకొండ కోటనే కథలోకి తెచ్చాడు.

కోటలో ఒక ఇంటి తలుపు తోశాం. "తలుపు తెరుసుకునింది. ఆడ మనిషి..." అన్నాడు చంద్ర.

మా సీమలో 'ఆడ' అంటే అక్కడ. అక్కడొక మనిషి కత్తి పట్టుకుని ఉన్నాడని వాడు చెప్పబోయాడు. సుధకు 'ఆడమనిషి' అని వినబడింది. వాడు ముగించేలోపే, "అక్కా, మమ్మల్ని కాస్త లోపలికి రానిస్తారా?" అనేసింది.

మేం పొట్టలు పట్టుకుని నవ్వాం. చంద్ర కూడా నవ్వి, కత్తి మనిషిని వదిలేసి ఆ ఆడమనిషినే నిలబెట్టాడు. "రాండమ్మా, కాళ్లు కడుక్కోని రాండి" అన్నాడు, గొంతు సన్నగా చేసి.

ఆమె ఎలా ఉందని సుధ అడిగింది. చంద్ర తడుముకోకుండా చెప్పుకుంటూ పోయాడు. మగ్గం నేసే మనిషి. ఒక కాలికే మెట్టె. రెండో కాలి వేలు మగ్గం తొక్కే చెక్క కింద నలిగిపోయింది. నవ్వొస్తే చెవి పట్టుకుంటుంది.

నా వెనక ఏదో కింద పడింది. చూస్తే గుమ్మంలో చంద్ర వాళ్ల నాయన. హిందూపురంలో షావుకారుకు చీరలిచ్చి వస్తూ బస్సు మారడానికి పెనుకొండలో దిగాడట. కొడుకు ఈ మండపంలో పాచికలాడుతున్నాడని బస్టాండులో ఎవరో చెప్పారు, జూదమనుకుని నాలుగు తగిలించడానికే వచ్చాడు. చేతిలో సంచి జారిపోయినా చూసుకోలేదు.

"నీకెవురు సెప్పినార్రా ఇదంతా?" అన్నాడు.

"ఎవురూ సెప్పలా నాయనా. ఊరికే అల్లినా."

ఆయన వచ్చి సుధ పక్క కుర్చీలో కూర్చున్నాడు. కొడుకు వైపు చూడకుండా ఆ అమ్మాయితోనే మాట్లాడాడు.

"అమ్మా, ఆయమ్మను ఒక మాట అడుగు. జొరంతో పడుండాదని తెలిసీ, ఎవురిదో పెండ్లి చీర ముగియల్లని నేను మగ్గం ఇడిసి లేయలా. నా మింద కోపముండాదేమో అడుగు."

సుధ అడగలేకపోయింది, కళ్లనీళ్లు పెట్టుకుంది. పక్క బల్లల దగ్గర గోల గోలగానే ఉంది. చంద్ర చేతిలో పాచికలు కింద పెట్టాడు. ఈసారి గొంతు మార్చలేదు.

"కోపమేమిటికి? లేయొద్దని సెప్పింది నేనే కదా" అన్నాడు.

ఆయన తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. తువ్వాలు తీసి సుధతోనే అన్నాడు. "ఔను. సెప్పింది. ఇంట్లో మేమిద్దరమే. వీడు ఉయ్యాల్లో ఉండె."

నేను ఊరికే వదిలేసే రకం కాదు. చంద్ర మేనత్తను పట్టుకుని అడిగాను. మెట్టె సంగతి ఆమెకే గుర్తు లేదు. సరే, ఇంకెవరో చెప్పారనుకుందాం. తండ్రి బాధ చూడలేక చంద్ర ఆ చివరి మాట కల్పించాడనే అనుకుందాం. అది నిజం ఎలా అయింది? మనశ్శాంతి కోసం ఆయనే ఔనన్నాడేమో అని కూడా నా దిక్కుమాలిన బుర్రకు తోచింది. ఆయన ముఖం చూసినవాణ్ణి, ఆ మాట నేను అనలేను. చంద్రను అడిగితే "నోటికొచ్చిందిరా" అంటాడు.

ఆ సాయంత్రం తండ్రీకొడుకులు ధర్మవరం బస్సెక్కారు. బస్సు కదలకముందే ఆయన మొదలుపెట్టాడట, ఆమెను పెళ్లిచూపుల్లో చూసిన దగ్గర్నుంచి. ధర్మవరం వచ్చింది, జనమంతా దిగిపోయారు. "దిగండప్పా, బస్సు డిపోకు పోతాది" అని కండక్టర్ కేకేసేదాకా వాళ్లిద్దరూ సీట్లోంచి లేవలేదట.